నీళ్లతో నడిచే ఏసీలు పెట్టిస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

స్టడీ హాళ్లు, డయాగ్నస్టిక్ సెంటర్లు, బట్టల షాపులు నడిపేవాళ్లకు ఈ హెచ్చరిక. మేడ మీద నీళ్లను చల్లబరిచే ఒక చిన్న మెషీన్ (వాటర్ కూల్డ్ చిల్లర్), దాని పక్కన ఆ మెషీన్ వేడిని గాల్లోకి వదిలే కూలింగ్ టవర్, కింద హాల్లో ఆ చల్లనీళ్లతో గాలిని చల్లబరిచే యూనిట్లు: గోడలకు హైవాల్ యూనిట్లు, సీలింగ్‌లో కాసెట్లు. ఈ ప్యాకేజీ పట్టుకొని ఎవరైనా డీలర్ మీ దగ్గరికి వస్తే, అతను చెప్పేదానికన్నా చెప్పకుండా దాటేసేది ఎక్కువ ఉంటుందని గుర్తు పెట్టుకోండి.

మాది హైదరాబాద్ అశోక్‌నగర్ వైపు ఒక స్టడీ హాలు. గ్రూప్స్‌కు, ఎస్సై ఉద్యోగాలకు చదివే పిల్లలు పొద్దున వచ్చి కూర్చుంటే రాత్రికి గానీ లేవరు. బిల్డింగ్‌కు మూడు వైపులా పక్కిళ్ల గోడలు ఆనుకొని ఉన్నాయి, అవుట్‌డోర్ యూనిట్లు పెట్టడానికి చోటు లేదు. డీలర్ సరిగ్గా అదే పట్టుకున్నాడు. "బయట ఒక్క యూనిట్ కూడా కనపడదు సార్, కరెంటు బిల్లు కూడా దిగుతుంది" అన్నాడు. ఆ రెండు మాటలూ నిజమే. హైదరాబాద్ ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, బయట 42 డిగ్రీలున్నా మంచి కూలింగ్ టవర్ నీళ్లను 30 డిగ్రీల దగ్గరికి దించగలదు. మెషీన్ ఆ వేడి గాలితో కుస్తీ పట్టక్కర్లేదు, కరెంటు తక్కువ తాగుతుంది. అందుకే నేను ఈ రకం ఏసీలే చెడ్డవని అనడం లేదు. అమ్మే పద్ధతి గురించి, బిగించే పద్ధతి గురించి చెప్తున్నాను.

అసలు దెబ్బ నీళ్ల దగ్గర పడింది. "ఒకసారి నింపితే చాలు సార్, అవే నీళ్లు తిరుగుతుంటాయి" అని డీలర్ మా ముందే చెప్పాడు. ఇందులో సగమే నిజం. ఈ సిస్టంలో నీళ్లు రెండు రకాలు. చిల్లర్ నుంచి 7 డిగ్రీల దగ్గర హాల్లోకి దిగి, 12 డిగ్రీల దగ్గర తిరిగి పైకెళ్లే చల్లనీళ్లు ఒకటి. అవి మూసిన పైపుల్లో తిరుగుతాయి, లీకు లేకపోతే తగ్గవు. రెండోది చిల్లర్ వేడిని మోసుకెళ్లి కూలింగ్ టవర్‌లో వదిలే నీళ్లు. ఇవి ఆవిరైతేనే చల్లబడతాయి. టన్నుకు గంటకు సుమారు 6 నుంచి 7 లీటర్లు గాల్లో కలిసిపోతాయి. ఇరవై టన్నుల మెషీన్ పూర్తి లోడు మీద పది గంటలు నడిస్తే ఆవిరే దాదాపు 1,300 లీటర్లు.

లెక్క అక్కడితో అయిపోదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఆవిరి కాదు. టవర్ తొట్టిలో మిగిలిన నీళ్లు రోజురోజుకూ చిక్కబడతాయి. అందుకే కొంత నీటిని ఎప్పటికప్పుడు కిందికి వదిలేసి, కొత్త నీళ్లు పట్టాలి. దీన్నే బ్లీడ్ అంటారు. బోరు నీళ్లలోని ఉప్పు మూడింతలకు మించకుండా చూడాలంటే, ఆవిరయ్యేదానిలో సగం నీళ్లు ఇలా పారబోయాల్సిందే. మొత్తం కలిపితే రోజుకు 2,000 లీటర్లు దగ్గరికి వస్తుంది. వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికే కాలనీలో 5,000 లీటర్ల ట్యాంకర్ ఒక్క ఏసీకే ఎన్ని రోజులొస్తుందో మీరే చూసుకోండి. కరెంటు మీద మిగిలేదాన్ని లెక్కకట్టి చూపించిన డీలర్, ట్యాంకర్ ఖర్చు ఆ కాగితం మీద ఎక్కడా రాయలేదు.

మా టవర్‌కు బ్లీడ్ లైను వేశారు. దానికున్న వాల్వ్‌ను మాత్రం మొదటి రోజే మూసేసి వెళ్లారు. నీళ్లు ఎక్కువ ఖర్చవుతున్నాయని మేం ఫోన్ చేయకూడదని అలా చేశారని, తర్వాత వచ్చిన వేరే టెక్నీషియన్ చెప్పాడు. మా బోరు నీళ్లు ల్యాబ్‌లో చూపిస్తే కాఠిన్యం (నీళ్లలో కరిగి ఉన్న సున్నం లాంటివి) లీటరుకు 780 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం 200 ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చు. 780 ఉన్న నీళ్లను బ్లీడ్ లేకుండా ఆవిరి చేస్తూ పోతే ఆ సున్నమంతా ఎక్కడికి పోతుంది? చిల్లర్‌లో గ్యాసు వేడిని ఈ నీళ్లకు దాటించే కండెన్సర్ ట్యూబుల లోపలికే. గీజర్ రాడ్డుకు పట్టే గారే అక్కడా పడుతుంది. రాగి వేడిని దాటించినంతలో వందో వంతు కూడా ఈ గార దాటించదు. పల్చటి పొర పట్టినా గ్యాసు ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరికి హై ప్రెషర్ మీద ట్రిప్ అవుతుంది.

అది ట్రిప్ అయ్యేది ఎప్పుడో తెలుసా? మే నెల మధ్యాహ్నం, హాలు నిండా పిల్లలున్నప్పుడు. రీసెట్ చేస్తే కాసేపు నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. పరీక్షకు నెల కూడా లేని పిల్లలు చెమటలు కక్కుతూ కూర్చుంటే, వాళ్ల ముఖాలు చూడలేకపోయాం. కంపెనీ మనిషి వచ్చి వారంటీ కాగితం తీసి ఒక లైను మీద వేలు పెట్టాడు: నీటి నాణ్యత వల్ల వచ్చే నష్టానికి వారంటీ వర్తించదు. డీలర్‌నడిగితే కంపెనీని అడగమన్నాడు, కంపెనీ వాళ్లు డీలర్‌నడగమన్నారు. బిగించిన సబ్ కాంట్రాక్టర్ ఫోనే ఎత్తలేదు.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే మీ బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, నల్లా నీళ్లు, వేటిని వాడతారో వాటన్నిటినీ టెస్ట్ చేయించండి. ల్యాబ్ ఫీజు ఏసీ ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు. కాఠిన్యం ఎక్కువుంటే దాన్ని తగ్గించే సాఫ్టనర్ కావాలి. ఆ సాఫ్టనర్, దానికయ్యే ఉప్పు, టవర్ నీళ్లలో వేసే మందుల డోసింగ్ పంపు, బ్లీడ్ లైను అన్నీ కొటేషన్‌లో విడివిడిగా ధరలతో రాయించుకోండి. రాయనంటే ఆ డీలర్‌ను వదిలేయండి.

ఇక బిగింపు. కింద గాలి సరిగ్గా రావడం లేదంటే వేరే టెక్నీషియన్‌ను పిలిపించాం. అతను ఫ్యాన్లు, ఫిల్టర్లు చూసి, "గాలి బాగానే కొడ్తుంది, నీళ్లే వస్తలేవు" అని మేడెక్కాడు. "అన్నా, దీని జాలీ ఎప్పుడన్నా విప్పి చూసిన్రా?" అంటూ పంపు దగ్గర చెత్త వడగట్టే స్ట్రైనర్ మూత తీశాడు. లోపలి జాలీ కనపడలేదు. వెల్డింగ్ చేసేటప్పుడు చిట్లిన నల్లటి పూసలు, పైపు కోసినప్పటి ఇనుప రజను, తెల్ల టెఫ్లాన్ టేపు ముక్కలు, వాటన్నిటినీ పట్టి ఉంచిన తుప్పు బురద. దోసిలి నిండా వచ్చింది. పైపులు వేశాక, యూనిట్లు కలపకముందు నీళ్లతో బాగా ఫ్లష్ చేయాలి, మురికి పోయేదాకా చేయాలి. అది చేయకుండానే కనెక్షన్లు ఇచ్చేశారు. స్ట్రైనర్ దాటిన రజను హైవాల్ యూనిట్ల సన్నటి కాయిల్స్‌లో ఇరుక్కుంది. పంపుకు దగ్గరున్న కాసెట్ మంచులా ఉంటే, చివరి వరుసలోని హైవాల్ ఉత్త ఫ్యానులా తిరిగేది. ఒక్కో యూనిట్‌కు ఎంత నీరు వెళ్లాలో సరిచేసే బ్యాలెన్సింగ్ వాల్వ్‌లు కూడా పెట్టలేదు.

యూనిట్‌కు విడిగా షటాఫ్ వాల్వ్‌లు కూడా లేవు. ఒక్క హైవాల్ విప్పాలంటే హాలు మొత్తానికి నీళ్లు ఆపి, ఖాళీ చేసి, మళ్లీ నింపి గాలి తీయాలి. వాల్వ్‌ల మీద మిగిల్చుకున్న డబ్బు డీలర్‌కు, రిపేరు వచ్చిన ప్రతిసారీ సెలవు మాకు.

వానాకాలం వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. జూలై, ఆగస్టుల్లో గాలిలో తేమ ఎక్కువ. 7 డిగ్రీల నీళ్లు పోయే ఇనుము ఎక్కడ బయటికి కనపడినా అక్కడ చెమట పడుతుంది. నేరుగా పోయే పైపుకు నల్ల నైట్రైల్ రబ్బరు బాగానే తొడిగారు. వంపుల దగ్గర, వాల్వ్‌ల దగ్గర, పైపును స్లాబ్‌కు వేలాడదీసిన క్లాంపుల దగ్గర మాత్రం టేపు చుట్టి వదిలేశారు. క్లాంపుకూ పైపుకూ మధ్య చెక్క దిమ్మె గానీ గట్టి ఫోమ్ దిమ్మె గానీ ఉండాలి, అది లేదు. ఫాల్స్ సీలింగ్ మీద ముందు పసుపు మరక, తర్వాత ఉబ్బు, తర్వాత చుక్కలు. ఒక అమ్మాయి రాసుకున్న పాలిటీ నోట్సు మీద సరిగ్గా నీళ్లు కారాయి. ఇంకు కరిగిన ఆ పేజీలు ఫ్యాను కింద ఆరబెట్టుకుంటుంటే ఏం చెప్పాలో తోచలేదు.

డ్రెయిన్ పైపు సంగతి కూడా బిగించేటప్పుడే చూసుకోండి. హైవాల్‌కు పంపు ఉండదు, వాలు మీదే నీళ్లు పోవాలి. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి, మధ్యలో పైపు కిందికి కుంగకూడదు. మా దగ్గర కొన్నిటి డ్రెయిన్‌ను, కంపును ఆపే నీటి వంపు (ట్రాప్) పెట్టకుండా బాత్రూం పైపులో కలిపారు, యూనిట్ ఆపితే ఆ కంపు హాల్లోకి వచ్చేది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది కాసెట్ల వేలాడింపు. నీళ్లతో కలిపి ఒక్కో కాసెట్ పాతిక, ముప్పై కిలోలకు తక్కువ ఉండదు. నాలుగు మూలలా నాలుగు త్రెడ్ రాడ్లు, స్లాబ్ కాంక్రీట్‌లోకి దిగిన యాంకర్ ఫాస్టెనర్ల మీద వేలాడాలి. సీలింగ్ విప్పించి చూస్తే ఒక కాసెట్‌కు రెండు రాడ్లు స్లాబ్‌కు, మిగతా రెండు ఫాల్స్ సీలింగ్ పట్టీకి కట్టి ఉన్నాయి. దాని కింద ఒక పిల్లాడి కుర్చీ. ఆ వరుస మొత్తం అప్పటికప్పుడు ఖాళీ చేయించాం. ఫాల్స్ సీలింగ్ మూసేశాక ఇవేవీ కనపడవు. కాబట్టి మూయకముందే మీరే నిచ్చెన ఎక్కండి, ప్రతి రాడ్డునూ ఫోటో తీసుకోండి. పైపులకు ఇన్సులేషన్ చుట్టకముందే, వాడుక ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టి టెస్ట్ చేయించి, గేజు ముల్లు కదలకుండా ఉందో లేదో దగ్గరుండి చూడండి. ప్రతి కాసెట్ పక్కన మనిషి తల, భుజాలు పట్టే తలుపు, అంటే రెండడుగులకు రెండడుగులు, వదిలించండి. గోడ తేలికపాటి బ్లాకులతో కట్టినదైతే మామూలు స్క్రూలు హైవాల్ బరువును ఎక్కువ కాలం ఆపవు, ఆ బ్లాకులకు సరిపడే ఫాస్టెనర్లు అడగండి.

ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితాన్ని కూడా నిదానంగా చదవండి. మాకిచ్చిన దానిలో ఫిల్టర్లు కడగడం, గ్యాసు ప్రెషర్ చూడటం ఉన్నాయి. గార తీయడం లేదు. దానికి విడిగా డబ్బు కట్టించుకొని ఒక కుర్రాడిని బాత్రూం యాసిడ్ డబ్బాతో పంపించారు. దయచేసి ఎవరూ దీన్ని ఒప్పుకోకండి. గార తీయడానికి యాసిడ్ వాడతారు, నిజమే. కానీ రాగిని కాపాడే ఇన్‌హిబిటర్ కలిపి, పలచగా, పంపుతో తిప్పి, అయ్యాక సోడాతో ఆ యాసిడ్ గుణం విరిచి, మంచి నీళ్లతో కడగాలి. ఉత్త యాసిడ్ పోస్తే గారతో పాటు ట్యూబు కూడా తింటుంది. ట్యూబుకు చిల్లు పడితే నీళ్లు గ్యాసు లైనులోకి పోయి కంప్రెసర్ చచ్చిపోతుంది. చిల్లర్ కొనేటప్పుడే కండెన్సర్ ఏ రకమో అడగండి. షెల్ అండ్ ట్యూబ్ (పెద్ద డబ్బాలో ట్యూబులుండే రకం) అయితే మూత విప్పి బ్రష్షుతో తోమొచ్చు. గొట్టంలో గొట్టం పెట్టి చుట్టిన రకమైతే తోమడం కుదరదు, మందు ఒక్కటే దారి. మా లాంటి ఉప్పు నీళ్ల ఏరియాలో నేనైతే మొదటిదే తీసుకోమంటాను.

టవర్ శుభ్రం మర్చిపోకండి. గోరువెచ్చని టవర్ నీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, ఆ తుంపర పీల్చినవాళ్లకు ప్రమాదకరమైన న్యుమోనియా రావచ్చు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సభకు వచ్చినవాళ్లలో కొందరు చనిపోయాకే ఈ జబ్బు సంగతి ప్రపంచానికి తెలిసింది. మేడ మీద టవర్ తుంపర పక్కింటి కిటికీల వైపు, మీ కిటికీల వైపు కొట్టకుండా చూసుకోండి.

విజయవాడ, కాకినాడ, విశాఖ వైపు వాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ, టవర్ ఇక్కడిలా నీళ్లను చల్లబరచలేదు. హైదరాబాద్ లెక్కలు చూపించి మీకు అమ్ముతుంటే మీ ఊరి లెక్క అడగండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లుంటే ఒక సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపారం కోసం కొన్నదానికి వినియోగదారుడిగా కేసు వేయడం కుదరదు. కేవలం మన జీవనోపాధి కోసం, స్వయం ఉపాధిగా నడుపుకునే దానికి కొంటే మాత్రం మినహాయింపు ఉంది, కేసు వేయొచ్చు. డీలర్ వకీలు మొదట పట్టుకునేది ఈ పాయింటే. చిన్న షాపును సొంతంగా నడుపుకునేవాళ్లు దానికి ఆధారాలు ముందే సిద్ధం చేసుకోండి: లైసెన్సు, అద్దె కాగితం, బిల్లు మీ పేరునే ఉండటం. జీఎస్టీ బిల్లు లేకుండా "క్యాష్ ఇస్తే తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, సమస్య మొదలైన రెండేళ్లలోపు వెళ్లాలి. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. సీలింగ్ విప్పినప్పటి ఫోటోలు, నీళ్ల టెస్ట్ రిపోర్టు, ట్రిప్ అయిన తేదీలు రాసిన పుస్తకం, డీలర్‌తో జరిగిన వాట్సాప్ మాటలు ఏదీ డిలీట్ చేయకండి. రిపేరు చేయించడానికి వేరేవాళ్లను పిలిచే ముందు డీలర్‌కు రాతపూర్వకంగా నోటీసు పంపండి, లేకపోతే "మీవాళ్లే విప్పి పాడు చేశారు" అంటారు.