గ్రేహాక్ తిరిగొచ్చింది, గోరమ్ పోయిండు: ఏది కొనాలె?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూసొని పాత్రలేసుకొని ఆడే ఆట. దాంట్ల ఆట నడిపేటోళ్ల పుస్తకమైన 2024 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో గ్రేహాక్ అనే పాత కల్పిత లోకం మళ్లా కనబడ్డది. మడత పటం బాగుంది. గానీ ఒక్క అధ్యాయంలో ఎంతని పడుతది? పాత అభిమానికి ఆకలి తీరదు, కొత్తగా ఆట నడిపేటోళ్లకు సరిగ్గా సరిపోతది.

అదే ఏడు, ఇసొంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్ పుస్తకం 'వార్ ఆఫ్ ఇమ్మోర్టల్స్' ఆ ఆటలోని యుద్ధ దేవుడు గోరమ్‌ను చంపేసి, యానిమిస్ట్, ఎగ్జెంప్లార్ అని రెండు క్లాసులు (పాత్ర రకాలు) ఇచ్చింది. ఎగ్జెంప్లార్ మజాగుంటది. గోరమ్‌ను కొలిచే క్లెరిక్ (పూజారి పాత్ర) ఉన్నోళ్లకు మండుడు న్యాయమే!

అసలు చిక్కు పాత పుస్తకాలతో కలిపినప్పుడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 పుస్తకాల బ్యాక్‌గ్రౌండ్‌లో (పాత్ర గతం) ఎబిలిటీ స్కోరు (బలం, తెలివి లాంటివాటి అంకె) పెంపు ఉండదు. 2024 రూల్స్‌తో ఆడేటప్పుడు ఒక స్కోరుకు +2, ఇంకోదానికి +1, లేదంటే మూడింటికి +1 కలపాలె. ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) లేకుంటే ఒక ఆరిజిన్ ఫీట్ (మొదట్లోనే దొరికే ఫీట్) ఇయ్యాలె. మరిచిపోతే పాత్ర మొదటి లెవెల్‌లోనే బలహీనమైతది. ఇగ పాత్‌ఫైండర్ రీమాస్టర్‌లో (సవరించిన రూల్స్) అలైన్‌మెంట్ (పాత్ర మంచిదా చెడ్డదా అనే గుర్తు) తీసేసిండ్రు. పాత అడ్వెంచర్‌లో (ఆడే కథ) 'ఈవిల్ డ్యామేజ్' (చెడు శక్తి దెబ్బ) కనబడితే స్పిరిట్ డ్యామేజ్‌గా మార్చుకోండి. 'ఫ్లాట్‌ఫుటెడ్' (సరిగ్గా కాచుకోలేని స్థితి) ఇప్పుడు 'ఆఫ్‌గార్డ్', పేరే మారింది.

నల్గొండ, మిర్యాలగూడ దిక్కు నలుగురు కూడి ఆడేటోళ్లు పాత్‌ఫైండర్ రూల్స్ ముందు ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో ఉచితంగా చూసుకోండి. డంజన్ మాస్టర్స్ గైడ్ అయితే గుంపుకు ఒక్క కాపీ చాలు.