‘పదిహేను రోజుల్లో కుక్కకు శిక్షణ’ అన్నవారికి అడ్వాన్సు కట్టకండి

నెల్లూరులో వీధికుక్కను చేరదీసి పెంచుకుంటున్నవాళ్లు శిక్షకుడి చేతిలో డబ్బు పెట్టే ముందు ఇది చదవండి. నాకు ఎనిమిది వేలు పోయాయి. అవి పోతే పోయాయి, మా కర్రికి మనుషుల మీద కుదురుతున్న కాస్త నమ్మకమూ పోయింది.

కర్రి వేదాయపాళెం రైల్వే స్టేషన్ దగ్గర తిరిగేది. చెవి కొసన చిన్న కోత, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. ఒక వానరోజు మా వసారాలో చేరి, ఇక వెళ్లలేదు. చేయి ఎత్తితే మంచం కిందికి దూరేది. గేటు గడియ చప్పుడైతే గుర్రుమనేది. దాన్ని మాన్పించాలని ఒక శిక్షకుడిని పిలిచాం. ‘పదిహేను రోజులు, గ్యారంటీ’ అన్నాడు. రసీదు ఇవ్వలేదు, మేమూ అడగలేదు. ఇంటివాళ్లు ఎదురుగా ఉంటే మాట వినదంటూ రోజూ గంటసేపు ఎక్కడికో తీసుకెళ్లేవాడు. నాకు అనుమానం రావలసింది అక్కడే.

వారం తిరిగేసరికి గుర్రుమనడం ఆగింది. మురిసిపోయాం. పదో రోజున మా అత్తగారు అన్నం గిన్నె పెడుతుంటే కిక్కురుమనకుండా చేయి కరిచింది. కర్రికి టీకా వేయించే ఉన్నాం, అయినా గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, ఆమెకు రేబీస్ ఇంజెక్షన్లు మొదలుపెట్టించాం. ఆ సాయంత్రం కర్రి మెడ తడిమితే బొచ్చు కింద పక్కపక్కనే రెండు పుండ్లు, ఒక్కొక్కటి కందిగింజంత. కరెంటు షాకిచ్చే మెడపట్టీ మొనలు దిగిన చోటు. నిలదీస్తే ‘వీధికుక్కలు ఆ మాత్రం లేకపోతే లొంగవండీ’ అన్నాడు. డబ్బు మాట ఎత్తగానే ఫోను పెట్టేశాడు.

పశువైద్యుడు చెప్పాక అర్థమైంది. గుర్రుమనడం అంటే దగ్గరికి రావద్దని చెప్పడం. నొప్పి పెట్టి దాన్ని మాన్పిస్తే లోపలి భయం అలాగే ఉంటుంది, ముందుగా చెప్పడం మాత్రం పోతుంది.

ఇప్పుడు నేనే నేర్పుతున్నాను. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, శనగగింజంత ముక్కలు. పక్కకు తిరిగి కూర్చుని, కళ్లలోకి చూడకుండా, పేపరు చదువుకుంటూ ఒక్కో ముక్క విసురుతాను. మొదటి నాలుగు రోజులు నేను లోపలికి వెళ్లాకే తినేది. గేటు చప్పుడైతే వెంటనే ఒక ముక్క. పిలిస్తే వచ్చినా అంతే, ఒకటి రెండు సెకన్లలో నోటికి అందాలి. ఆలస్యమైతే ఎందుకిచ్చామో దానికి తెలియదు. నెలన్నర పట్టింది, ఇంకా పడుతుంది.

మీరు ఎవరినైనా పిలిస్తే, కుక్క మాట విననప్పుడు ఏం చేస్తారో ముందే అడగండి. మీ కళ్లెదుట నేర్పనంటే గేటు దగ్గరి నుంచే పంపించేయండి. ‘వీధిదే కదా’ అంటే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వీధికుక్కకూ వర్తిస్తుందని చెప్పండి.

నిన్న పాలమనిషి గడియ తీస్తుంటే కర్రి చిన్నగా గుర్రుమని, ముక్క కోసం నావైపు తిరిగింది. ‘హమ్మయ్య, నోరొచ్చింది’ అన్నారు అత్తగారు.