మన్ననూరులో రెండు రాత్రులు, ఒక చెంచు గైడు

సంక్రాంతి సెలవుల్లో నల్లమల వెళ్లొచ్చాం, నేను, మా ఆయన, పదేళ్ల మా అబ్బాయి. హైదరాబాద్ నుంచి కల్వకుర్తి మీదుగా, అడవి మొదట్లో ఉండే మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ ఆగి తిన్నా పదిన్నరకల్లా చేరిపోవచ్చు. వెళ్లేముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు. జంతువులు రోడ్డు దాటే వేళ అది, కాబట్టి గేటు దగ్గర బతిమాలుకోవద్దు.

మొదటి రాత్రి అడవికి ఇవతలే, శ్రీశైలం రోడ్డు మీద ఒక ప్రైవేటు రిసార్టులో ఉన్నాం. గది బాగుంది, వేడినీళ్లు వచ్చాయి, భోజనం ఫరవాలేదు. కానీ సాయంత్రం ‘ట్రైబల్ డ్యాన్స్’ అని ఆకులు కట్టించి నలుగురు ఆడపిల్లల్ని ఆడించారు, చుట్టూ ఫోన్లు పట్టుకుని జనం. ఏ పెంట (చెంచు గిరిజనుల గూడేన్ని ఇక్కడ పెంట అంటారు) నుంచి వచ్చారమ్మా అని ఒకమ్మాయిని అడిగితే తలదించుకుంది, మేనేజరు వచ్చి మాట మార్చేశాడు. మా అబ్బాయి పక్కన ఉండగా నాకు చాలా బాధేసింది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అక్కడికి మళ్లీ వెళ్లను, మీరూ వెళ్లొద్దు.

రెండో రోజు అటవీశాఖ వాళ్ల ప్యాకేజీ. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి, వారాంతాలు త్వరగా అయిపోతాయి, జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. గది మామూలుగా ఉంది, శుభ్రంగా ఉంది. ఫరహాబాద్ సఫారీలో పులి కనిపించలేదు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇది, పులి కోసమే వెళ్తే నిరాశ తప్పదు. వ్యూపాయింట్ దగ్గర నిలబడితే కిందంతా పచ్చటి అడవి, అది చాలు అనిపించింది.

ఈ ట్రిప్పులో నాకు అన్నిటికంటే విలువైనది పొద్దున నడక. మా గైడు చెంచు ఆయన, నలభై ఏళ్లుంటాయి. కొంచెం దూరం నడిచాక చెయ్యెత్తి ఆపాడు. “సప్పుడు చెయ్యకున్రి అక్కా, కొండముచ్చు ఊకె మొత్తుకోదు” అన్నాడు. మాకు కోతి అరుపులాగే వినపడింది. ఆయనకి మాత్రం అది పండు కోసం కొట్లాటో, కింద ఏదో జంతువు కదులుతోందో తేడా తెలుస్తోంది. పది నిమిషాలు ఆగి, ఇసకలో ఎలుగుబంటి అడుగు చూపించి, రాత్రిదా ఇప్పటిదా అన్నది అంచు ఎండడాన్ని బట్టి చెప్పాడు.

తేనె సంగతి అడిగాడు మా వాడు. లోయ అంచు నుంచి తాడు కట్టుకుని దిగుతారట, పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. అన్నదమ్ముడైతే ఆస్తి కోసం వదిలేస్తాడేమో గానీ, అక్క పసుపుకుంకుమల కోసం బామ్మర్ది వదలడని లెక్క. తేనెపట్టు మొత్తం కోయరు, కొంత తేనెటీగలకి వదిలేస్తారు. ఆ మాట మా వాడు ఇప్పటికీ ఇంట్లో చెప్తూనే ఉన్నాడు.

పులుల లెక్కకి, వేటగాళ్ల మీద కాపలాకి బేస్ క్యాంపుల్లో పనిచేసేవాళ్లలో చాలామంది ఈ చెంచులే. అయినా అడవి లోపలి ఊళ్లని బయటికి పంపాలన్న మాట ఏళ్ల తరబడి నడుస్తోంది, కుటుంబానికి 15 లక్షలు ప్యాకేజీ అని. వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు, బడి, ఆసుపత్రి కావాలనుకోవడంలో తప్పులేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా పంపే వీల్లేదు. డబ్బు చూపించి తొందరపెడితే దాన్ని ఒప్పుకోవడం అనలేం, నేనైతే అనను. ఇదే అడవిలో 2019లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. మరి పక్కనే పారే కృష్ణానది నీళ్లేం కావాలి? జనం గట్టిగా లేచారు, ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. పులి పేరు చెప్పి చెంచుల్ని కదలమంటూ, అదే నేలలో డ్రిల్లింగుకి దారివ్వడం ఏం న్యాయమో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

మిగతావి త్వరగా చెప్తాను. ఉమామహేశ్వరం గుడి తప్పకుండా చూడండి, ఉదయమే వెళ్లండి. మల్లెలతీర్థం జలపాతానికి వటవర్లపల్లి దగ్గర తిరగాలి, మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్లకి కష్టం, ఎండాకాలంలో నీళ్లు సన్నబడతాయి. దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూపాయింట్ సాయంత్రం బాగుంటుంది. ప్లాస్టిక్ బాటిళ్లు తీసుకెళ్లకండి. తేనె కొనాలంటే రోడ్డు పక్క సీసాల్లో కాకుండా గిరిజన కార్పొరేషన్ దుకాణంలో కొనండి.

వచ్చేటప్పుడు గైడుకి డబ్బులు విడిగా ఇవ్వబోతే వెంటనే తీసుకోలేదు, మా వాడి చేతిలోంచి ఇప్పిస్తే తీసుకున్నాడు. చైత్ర పౌర్ణమికి అడవి లోపలి శివుడి గుహ సలేశ్వరంలో జాతర, ఆ కొద్దిరోజులే అడవి దారి తెరుస్తారు, అక్కడ పూజ చేసేది చెంచులే. “అప్పుడు రండి అక్కా, నడవాలె గానీ” అన్నాడు. కారెక్కినప్పటి నుంచి కల్వకుర్తి దాకా మా వాడు “వస్తున్నం లింగమయ్యో” అని ఆయన నేర్పిన పిలుపే పాడుతూ వచ్చాడు.