అమ్మ ఒడి 102 బండి: లాక్‌డౌన్‌లో నా కాన్పు దాకా

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు నాకు ఏడో నెల. మాది జనగామ దగ్గర పల్లె. బస్సుల్లేవు, ఆటోల్లేవు. అప్పటిదాకా చూపించుకున్న ప్రైవేటు దవాఖానకు ఫోన్ చేస్తే "ఓపీ బంద్, రావొద్దమ్మా" అని పెట్టేశారు. ఆ రోజు ఎంత ఏడ్చానో!

మా ఊరి ఆశక్క, గర్భిణులను ఉచితంగా దవాఖానకు తీసుకెళ్లే సర్కారు బండి కోసం 102కి ఫోన్ కలిపింది. మర్నాడు పొద్దున్నే అమ్మ ఒడి బండి వాకిట్లో ఉంది. డ్రైవరన్న నేనెక్కేముందే సీటంతా మందు నీళ్లతో తుడిచి, నా చేతుల్లో శానిటైజర్ పోశాడు. పీహెచ్‌సీలో వేపచెట్టు కింద దూరం దూరంగా కుర్చీలు వేశారు. నర్సమ్మ బీపీ చూసి, నమ్మకం కుదరక పట్టీ విప్పి రెండో చేతికి కట్టి మళ్లీ చూసింది. 150/100, బీపీ ఎక్కువే. కాళ్ల వాపు నేను నడుం నొప్పిలాగే మామూలే అనుకున్నా! ఆ రోజే మాత్రలు మొదలుపెట్టారు. అప్పట్నుంచి వారం వారం ఆశక్క ఇంటికే వచ్చి బీపీ చూసేది.

స్కానింగ్ కూడా పీహెచ్‌సీలోనే ఉంటే బాగుండేది, దానికి జిల్లా ఆస్పత్రి దాకా పోవాల్సి వచ్చింది. కాన్పూ అక్కడే. పైసా ఖర్చు కాలేదు. సర్కారు దవాఖానలో కాన్పయిన తల్లులకు అప్పట్లో ఉన్న కేసీఆర్ కిట్ పథకంలో, ఆడపిల్ల కాబట్టి నాకు రావాల్సింది 13,000 రూపాయలు. దోమతెర, బేబీ సబ్బు ఉన్న కిట్టు ఒళ్లో పెట్టుకుని, అదే బండిలో పాపతో ఇంటికొచ్చాం.