చింతపిక్కల ఓటు: విశాఖలో ఆరేళ్లు వాడి చూసిన ప్రజాస్వామ్య బడి

సమీక్ష దేని గురించో ముందు చెప్పాలి. మధురవాడ వైపు కొందరు తల్లిదండ్రులు కలిసి నడుపుకుంటున్న చిన్న కేంద్రం ఇది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు ఇరవై మంది అటూ ఇటూ, రోజంతా ఉండే పెద్దలు ముగ్గురు. తరగతులు లేవు, గంట లేదు, ర్యాంకు లేదు. ఏ నియమమైనా అందరూ కూర్చుని ఓటు వేసి పెట్టుకోవాలి. ఆరేళ్ల పిల్లకీ, నడిపే పెద్దమనిషికీ ఓటు ఒకటే.

పద్ధతి మనది కాదు. విద్యావేత్త ఏ.ఎస్. నీల్ 1921లో జర్మనీలో మొదలుపెట్టి తర్వాత ఇంగ్లండుకు మార్చిన సమ్మర్‌హిల్ బడి ఒక మూలం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 1968లో పెట్టిన సడ్‌బరీ వ్యాలీ బడి ఇంకొకటి. సమ్మర్‌హిల్‌లో టైంటేబుల్ ఉంటుంది, పాఠాలుంటాయి, వెళ్లడం మానడం పిల్లల ఇష్టం. సడ్‌బరీలో పిల్లలు అడిగితే తప్ప పాఠమే ఉండదు, సిబ్బందిని కూడా ఏటా ఓటుతోనే ఉంచుకుంటారు. మేం వాడినది మొదటి రకానికి దగ్గర. పోలిక మాత్రం ఊళ్లో వీధికొకటి ఉన్న మామూలు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడితో.

ఈ పద్ధతికి ఇంజను లాంటిది వారం సమావేశం. బయటి నుంచి చూసేవాళ్లు "పాఠాలు లేవట, ఆడుకుంటారట" అనే దగ్గరే ఆగిపోతారు. సమావేశం సరిగ్గా నడవకపోతే అది నిజంగానే గోలగా ఉండే క్రెష్. నడిస్తే మాత్రం మామూలు బడి పదేళ్లలో నేర్పలేనిది రెండేళ్లలో వస్తుంది: తన మాట చెప్పడం, ఎదుటివాడి మాట పూర్తిగా వినడం, ఓడిపోయినా ఆ నియమానికి కట్టుబడటం.

నడిపే తీరు ఇదీ. సమావేశం శుక్రవారం పదిన్నరకి, గంటకు మించకూడదు. ఎజెండా బోర్డు మీద ఎవరైనా రాయొచ్చు, కానీ గురువారం మధ్యాహ్న భోజనానికే బోర్డు మూసేస్తారు. ఈ గడువు లేకపోతే అప్పటికప్పుడు జరిగిన గొడవలే సమావేశాన్ని తినేస్తాయి. నడిపే పిల్ల లేదా పిల్లవాడు నాలుగు వారాలకొకసారి మారాలి. వారానికొకరు మారితే ఎవరికీ చేతకాదు, ఏడాదంతా ఒకరే ఉంటే చిన్న మోనిటర్ తయారవుతాడు. ఓటుకు ముందు ప్రతిపాదనను వాక్యంగా రాసి, పైకి చదివి వినిపించాలి. ఈ మెట్టు దాటేస్తే వచ్చే వారం "అలా అనలేదు", "అలాగే అన్నావు" అనే తగువే మిగులుతుంది. గెలిచిన ప్రతిపాదన లాంగ్ నోట్‌బుక్‌లో తేదీతో ఎక్కుతుంది. కొత్త నియమం మొదట రెండు వారాల ప్రయోగానికే. మూడో శుక్రవారం మళ్లీ ఓటులో నిలబడితేనే పక్కా.

చేతులెత్తి ఓటు వేయడం మన దగ్గర పనిచేయదు. సమ్మర్‌హిల్‌లో పిల్లలు నీల్‌ని నీల్ అనే పిలిచేవారు. ఇక్కడ ఎంత చెప్పినా పెద్దలు "అన్న", "పిన్ని", "మావయ్య" అవుతారు, అది తప్పూ కాదు. కానీ అన్న చెయ్యెత్తాక ఏడేళ్లవాడు ఎత్తకుండా ఉండడు. అందుకే చింతపిక్కలు. గోడ వెనక రెండు డబ్బాలు, ఒకదాని మీద "సరే", ఒకదాని మీద "వద్దు", ఒక్కొక్కరికి ఒక్క పిక్క. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు ఉండాలి, వాళ్లలో ఒకరు పదేళ్ల లోపు వాళ్లవ్వాలి. పిక్కలొచ్చాక పెద్దల ప్రతిపాదనలు ఓడిపోవడం మొదలైంది. మాకు సమావేశం మీద నమ్మకం అక్కడే కుదిరింది.

ఓటుకు పెట్టకూడనివి కొన్ని మొదటి రోజే గోడ మీద రాసి ఉండాలి. సముద్రం అందులో మొదటిది. బీచ్ దగ్గర లోపలికి లాగే ప్రవాహం మెజారిటీని లెక్కచేయదు. గ్యాస్, కరెంటు, రోడ్డు దాటడం, మందులు కూడా అంతే. పెద్దలు మొహమాటపడి వీటినీ చర్చకు వదిలితే, తర్వాత అర్ధాంతరంగా "కుదరదు" అనాల్సి వస్తుంది. ఆ ఒక్క మాటతో మిగతా ఓట్లన్నీ పిల్లలకు నాటకంలా కనిపిస్తాయి.

ఫిర్యాదుల కమిటీ సడ్‌బరీ నుంచి తెచ్చుకున్నదే. ముగ్గురు వేర్వేరు వయసుల పిల్లలు, ఒక పెద్ద. ఫిర్యాదు కాగితంలో నాలుగు ఉండాలి: ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు, చూసినవాళ్లెవరు. రాయలేని చిన్నవాళ్లు చెబితే ఇంకొకరు రాసిపెడతారు. ఇక్కడ అందరూ పొరబడే సంగతి ఒకటి ఉంది. పిల్లలు మెతకగా తీర్పులిస్తారనుకుంటాం, కానీ పెద్దల కంటే కఠినంగా ఇస్తారు. రంగుల డబ్బా మూత పెట్టనందుకు నెలంతా రంగులు ముట్టకూడదన్న తీర్పులు వస్తాయి. దానికి రెండు అడ్డుకట్టలు: ఏ ఆంక్షకైనా గరిష్ఠం మూడు రోజులు, సమావేశంలో అప్పీలు చేసుకునే హక్కు. డబ్బు జరిమానా అసలు ఉండకూడదు, అది కట్టేది నాన్న జేబు.

ఫోను నియమం ఎన్నిసార్లు మారిందో నోట్‌బుక్ చూస్తే నవ్వొస్తుంది. చివరికి నిలిచింది అన్నిటికంటే సాదా నియమం: భోజనమయ్యే దాకా ఫోన్లన్నీ ఒక స్టీలు డబ్బాలో, పెద్దలవి కూడా.

చదువు సంగతి ఇంత అందంగా లేదు. ఆసక్తి పుడితే చదవడం దానంతటదే వస్తుందన్న మాట ఇంగ్లీషుకు చాలా వరకు నిజమైంది. ఆటల్లో సూచనలు చదవాలి, వీడియోలు వెతకాలి, కాబట్టి వస్తుంది. తెలుగు రాదు. ఫోనులో తెలుగు కావాలంటే మైకు నొక్కి మాట్లాడితే చాలు, చదవాల్సిన అవసరమే పిల్లలకు తగలదు. పైగా మన లిపిలో గుణింతం, ఒత్తు పట్టుబడాలంటే పదేపదే చూడాలి. ఎదురుచూస్తూ కూర్చుంటే పదేళ్లొచ్చినా తెలుగు పేపరు హెడ్డింగు కూడబలుక్కునే స్థితి.

పనిచేసిన పద్ధతి సిటీ బస్సు బోర్డులు. మొదట ఒత్తు లేనివి: గాజువాక, మధురవాడ, ఇసుకతోట, తగరపువలస. తర్వాత అదే అక్షరానికి అదే ఒత్తు: మద్దిలపాలెం, అక్కయ్యపాలెం. ఆ పైన వేరే ఒత్తులు: ద్వారకానగర్, పెందుర్తి, కూర్మన్నపాలెం. రోజుకు పదిహేను నిమిషాలు, వారానికి ఐదు రోజులు, దాదాపు నాలుగు నెలలు. మొదటి నెల బోర్డు చదవడమే, రాయించకూడదు. రెండో నెల నుంచి ఆ రోజు చదివిన మూడు పేర్లు చూడకుండా రాయాలి. ఇది ఇష్టమైతేనే రమ్మనే పాఠం కాదు, రోజూ ఉండే పని. సిద్ధాంతం గట్టిగా పట్టుకున్నవాళ్లకు ఇది రుచించదు. మా ఉద్దేశంలో ఇక్కడ సిద్ధాంతమే తగ్గాలి.

లెక్కల్లోనూ సగం కథే బాగుంది. వంట బాధ్యత పిల్లలది కాబట్టి కొలతలు బాగా పట్టుబడతాయి. పది మందికి 750 గ్రాముల ఉప్మా రవ్వ అయితే ఇరవై రెండు మందికి కిలో 650 అని తొమ్మిదేళ్ల పిల్ల నోటితో చెప్పేస్తుంది. అదే లెక్క కాగితం మీద భిన్నంగా రాసి ఇస్తే ఆగిపోతుంది. సంఖ్యాజ్ఞానం ఉంది, రాసే భాష లేదు. రుణ సంఖ్యలు, బీజగణితం వంటింట్లో ఎదురుకావు, కాబట్టి వాటంతటవి రావు. పదకొండో ఏట నుంచి వారానికి నాలుగు గంటల లెక్కల పాఠం పెట్టుకోకపోతే పద్నాలుగో ఏట ఒక్కసారిగా మీద పడుతుంది.

మామూలు బడి గొప్ప ఇక్కడే. ఎక్కాలు, చూచిరాత, డిక్టేషన్ విసుగే, కానీ ఆ విసుగు చేతివేగం ఇస్తుంది. పరీక్షలో మూడు గంటలు ఆపకుండా రాయడం కూడా కండరం పనే. అక్కడ పోయేది ఇంకొకటి: ప్రశ్న అడిగే అలవాటు. ఫార్మేటివ్ అయ్యాక ఫార్మేటివ్, సమ్మేటివ్ అయ్యాక ట్యూషన్, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. అక్కడి నుంచి పదకొండేళ్లకు ఇటు మారిన పిల్లలు మొదట ఏమీ చేయరు. పడుకుంటారు, గోడకేసి బంతి కొడతారు, "ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతారు. బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక నెల ఇలా పోతుందని లెక్కేసుకుంటే నిరాశ తప్పుతుంది. ఈ దశలో కంగారుపడి వెనక్కి తీసుకెళ్లిన ఇళ్లలో పిల్లలకు రెండు వైపులా నష్టమే. ఏడేళ్ల లోపు చేరినవాళ్లు కొద్ది వారాల్లోనే కలిసిపోతారు.

కాగితాల విషయం చేరేముందే తేల్చుకోవాలి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు 10,000 దాకా. కాబట్టి "మాది స్కూలే" అని చెప్పే కేంద్రాన్ని గుర్తింపు ఉత్తర్వు చూపించమనాలి. గుర్తింపు లేనిచోట పిల్లల పేరు ఏ బడి రికార్డులోనూ ఉండదు. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు రాదు, మధ్యలో ప్రైవేటు బడికి మారాలంటే టీసీ అడుగుతారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం చెబుతుంది. ప్రభుత్వ బడిలో ఆ దారి తెరిచే ఉంటుంది.

పదో తరగతికి వాడుకునేది ఎన్‌ఐఓఎస్, అంటే బడికి వెళ్లకుండానే పరీక్ష రాయనిచ్చే జాతీయ ఓపెన్ స్కూలు బోర్డు. పద్నాలుగేళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. పాస్‌కు 33 శాతం. ఏడాదికి రెండు పబ్లిక్ పరీక్షలు, ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు. ఇంట్లో రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది, గడువు దాటిపోతే ఆ మార్కులు ఊరికే పోతాయి. పెద్ద బోల్తా సబ్జెక్టుల ఎంపికలో. "నచ్చినవే తీసుకో" అంటే పిల్లలు పెయింటింగ్, హోమ్ సైన్స్ పెట్టి లెక్కలు వదిలేస్తారు. తర్వాత పాలిటెక్నిక్ అనిపిస్తే దాని ప్రవేశ పరీక్ష పాలీసెట్‌కు పదిలో లెక్కలు ఉండి తీరాలి. లెక్కలు, ఇంగ్లీషు ముందే పెట్టి, మిగతా మూడు పిల్లలకు వదలడం క్షేమం. తయారీకి ఏడాదిన్నర పట్టుకోండి, చివరి ఆరు నెలలు వారానికొక మూడు గంటల పాత పేపరు.

ఖర్చు మధ్యస్థం ప్రైవేటు బడితో సమానమే. కానీ వంతులవారీగా నెలకు రెండు పూటలు అక్కడ పనిచేయాలి. షిఫ్టు ఉద్యోగాలవాళ్లకు ఇదే కష్టం.

ఆరు నుంచి పన్నెండేళ్ల వరకు ఐదుకు నాలుగిస్తాం. పన్నెండు దాటాక, పాఠాల పద్ధతి లేని కేంద్రమైతే రెండు.

ఇలాంటి చోటు చూడటానికి వెళ్తే తోట, బొమ్మలు, గోడ మీద రంగులు కాదు, సమావేశం నోట్‌బుక్ అడగండి. ఎన్ని రకాల చేతిరాతలున్నాయో చూడండి. పెద్దల ప్రతిపాదన ఓడిపోయిన పేజీ ఒక్కటైనా చూపించమనండి. పుస్తకమంతా ఒకే పెద్దమనిషి రాతలో, ప్రతి తీర్మానం "ఏకగ్రీవం" అని ఉంటే, టీ తాగి వచ్చేయండి.