పోషణ్ ట్రాకర్ ఫేస్ క్యాప్చర్ ట్రైనింగ్: నా రేటింగ్ అయిదుకు రెండు

ఏ మండలమో రాయను. చిన్నపిల్లల కోసం ఇచ్చే బాలామృతం పొడి తీసుకునేవాళ్ల ముఖాన్ని పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎలా నమోదు చేయాలో అంగన్‌వాడీ టీచర్లమైన మాకు ఒక ట్రైనింగ్ పెట్టారు. నేనిచ్చేది అయిదుకు రెండు మార్కులు. అందులో ఒకటి భోజనానికే, పప్పు బాగుంది.

పొద్దున హాలు నిండా టీచర్లు, ముందు ప్రొజెక్టర్. యాప్‌ని తెలుగులో పెట్టుకోవచ్చు, స్లైడ్లు మాత్రం ఇంగ్లిష్‌లో. చెప్పడానికొచ్చిన అబ్బాయి ఒకావిడ పేరు తెరిచి ఆధార్ ఓటీపీ కొట్టాడు. ఆవిడ కెమెరాలోకి చూసి కళ్లార్పింది, అయిపోయింది. ‘‘ఇంతే మేడం, రెండు నిమిషాల పని’’ అన్నాడు. అబద్ధమేం కాదు. హాల్లో నెట్ బాగుంది, ఓటీపీ వచ్చే ఫోను ఆవిడ చేతిలోనే ఉంది.

మా సెంటర్‌కి వచ్చే తల్లుల్లో చాలామంది ఆధార్‌కి ఉన్నది భర్త నంబరు. ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. ఓటీపీ ఆయనకు పోతుంది. స్లాబు మీదున్న మనిషి ఫోన్ ఎత్తేసరికి దాని టైం అయిపోతుంది. కొందరిదైతే పెళ్లికి ముందు నంబరు, ఆ సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో! ఇదంతా అడుగుదామని చెయ్యెత్తితే ‘‘డౌట్లు చివర్లో’’ అన్నారు. చివర్లో సంతకాలు, గ్రూప్ ఫొటో. 2025 జులై 1 నుంచి టేక్ హోమ్ రేషన్‌కి, అంటే బాలామృతంలా ఇంటికి పట్టుకెళ్లే సరుకుకి, ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. రెండున్నర కిలోల ప్యాకెట్ ఎదురుగా పెట్టుకుని ‘‘ఇప్పుడు ఇవ్వలేనమ్మా’’ అని చెప్పాల్సింది నేను, ఆ అబ్బాయి కాదు. ఆధార్‌లో నంబరు మార్చుకోవడానికి కాగితాలేవీ అక్కర్లేదని, మనిషి ఆధార్ సెంటర్‌కి వెళ్లి వేలిముద్ర వేసి ఫీజు కడితే చాలని ఒక్క మాట చెప్పి ఉంటే తల్లులను ముందే పంపేవాళ్లం.

రెండో మార్కు మా సూపర్‌వైజర్ మేడంది. మధ్యాహ్నం ఆవిడ ప్రొజెక్టర్ ఆపించి, ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టారు. ఎవరి ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి, పక్కవాళ్లు వేలితో చూపించొచ్చు గానీ ఫోను లాక్కోకూడదు. రోజూ సాయంత్రం కొడుకుతో ఎంట్రీలు చేయించుకునే ఒక అక్క, మొదటిసారి తనంతట తాను ఒక బిడ్డ బరువు ఎక్కించింది. తర్వాత మేడం పక్క సెంటర్ నుంచి పిల్లల్ని పిలిపించి ఎత్తు కొలిపించారు. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, ఆపైవాళ్లను నిలబెట్టి. పడుకోబెడితే కొలత సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. ఎలా కొలిచామో సరిచూసుకోకుండా అంకె ఎక్కిస్తే, బిడ్డ ఎదుగుదల లెక్కే తేడా వచ్చేస్తుంది. యాప్ లెక్క కట్టేది మనం కొట్టిన అంకెతోనే కదా. నిలబెట్టగానే ఒక పిల్లాడు మునివేళ్ల మీదికి లేచాడు. మడమలు ఎలా పట్టుకోవాలో అప్పుడే చూశాం. ఏ స్లైడులో చూపిస్తారు ఇది?

మీకింకా ఈ ట్రైనింగ్ కాకపోతే ఛార్జర్ పట్టుకెళ్లండి. మీ తల్లుల్లో ఎవరి ఆధార్‌కి ఏ నంబరుందో ముందే రాసుకోండి. డౌట్లు చివర్లో అంటే ఒప్పుకోకండి. పెట్టేవాళ్లకు ఒకటే మనవి: తర్వాతిది హాల్లో వద్దు, సిగ్నల్ సరిగా అందని ఏదో ఒక సెంటర్లో, సరుకు పంచే రోజున పెట్టండి.