సర్కస్ ఊళ్ళో టెంట్ హౌస్ వాడు

మాది ముమ్మిడివరం దగ్గర టెంట్ హౌస్ అండి. షామియానాలు, కుర్చీలు, వంట సామాను, జనరేటరు అద్దెకిస్తాం. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇదే పని. అంచేత ఫ్రాన్సులో నేను చూసిన సర్కస్ గురించి రాస్తున్న ఇది కళలు తెలిసినోడు రాసిన రివ్యూ అనుకుని చదవకండి. ఏ పందిట్లోకెళ్ళినా అందరూ పైన అలంకరణ చూస్తారు, నేను కింద రాట ఎలా పాతారో చూస్తాను.

మా అమ్మాయి ఫ్రాన్సులో రాన్స్ అనే ఊళ్ళో చదువుతోంది. స్పెల్లింగు చూసి ఆర్నెల్లపాటు నేను రీమ్స్ అనే చెప్పాను ఊరందరికీ. జూన్లో నేనూ మా ఆవిడా వెళ్ళాం. పెద్ద చర్చీ, షాంపేను నేలమాళిగలూ రెండ్రోజుల్లో అయిపోయాయి. మూడో రోజు "నాన్నా, నీ సరుకు ఒకచోట ఉంది పద" అని రైలెక్కించింది. ముప్పావుగంటకి షాలోన్ ఆన్ షాంపేన్ అనే ఊళ్ళో దిగాం.

దిగ్గానే మనసుకి హాయిగా అనిపించింది, కాలవలున్నాయి మరి. మార్న్ అనే నది పక్కన ఊరు. మధ్యలోంచి మౌ, నౌ అని రెండు చిన్న కాలవలు పారతాయి. "పిల్లిపిల్లలకి పెట్టినట్టున్నాయి పేర్లు" అంది మా ఆవిడ. ఎక్కడా గుర్రపుడెక్క లేదు. అది చూసి కాస్త కుళ్ళుకున్నాను కూడా.

ఇక సర్కస్. అది టెంటు కాదు, 1899లో కట్టిన గుండ్రటి పక్కా భవనం. అప్పట్లో ఫ్రాన్సులో చాలా ఊళ్ళలో ఇలాంటివి ఉండేవంట, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లోపల మధ్యలో బరి 13 మీటర్లు. ప్రపంచంలో ఎక్కడ సర్కస్ బరి కొలిచినా దాదాపు ఇంతే ఉంటుందంట. గుర్రం గుండ్రంగా పరిగెడుతుంటే దాని వీపు మీద మనిషి నిలబడాలంటే ఆ కొలత కుదిరిందని 18వ శతాబ్దంలో ఆస్ట్లీ అనే ఇంగ్లీషు దొర లెక్క తేల్చాడు. గుర్రాలు పోయినా కొలత ఉండిపోయింది. 42 అడుగులండి. మా 18 × 36 షామియానా నిలువునా పరిస్తే ఇంకా ఆరడుగులు మిగులుద్ది. అడుగులేసి చూసుకున్నాను, మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది.

ఈ ఊళ్ళోనే 1985లో అక్కడి ప్రభుత్వం జాతీయ సర్కస్ కళల కేంద్రం పెట్టింది. సర్కస్‌కి బడి! మూడేళ్ళ చదువు, చివర పట్టా. చోటు చాలక ఊళ్ళోని పాత ధాన్యం సహకార సంఘం జాగా కూడా తర్వాత ఆ బడికే కలిపారంట. మన సొసైటీ గోడౌన్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నాకు తెలిసిన సర్కస్ వేరు. 1984లో కాకినాడలో పెద్ద సర్కస్ దిగిందని మా నాన్నగారు తీసుకెళ్ళారు. అప్పటికి ఎదుర్లంక వారధి లేదు, పంటు మీద గోదావరి దాటి యానాంలో బస్సెక్కాలి. ఆ పంటు మీదే ఒక యానాం తాతగారు మా నాన్నగారితో తెలుగులో మాట్లాడుతూ మధ్యమధ్యలో ఫ్రెంచి ముక్కలు కలపడం విన్నాను, నా జన్మకి అదే మొదటి ఫ్రెంచి. కాకినాడలో పులులు, ఏనుగు స్టూలెక్కడం, జోకరు పడిపోవడం. తర్వాత 1998లో మన ప్రభుత్వం పులులు, సింహాలు, ఎలుగులు, కోతులు ఆటలో పెట్టకూడదంది, సర్కస్‌లూ తగ్గిపోయాయి. ఫ్రాన్సులో కూడా 2021లో చట్టం చేశారు, ఊరూరూ తిరిగే సర్కస్‌ల్లో 2028 చివరికల్లా అడవి జంతువులు ఉండకూడదు. కానీ షాలోన్ బడివాళ్ళకి ఆ చట్టంతో పనేం పడిందండి, వాళ్ళు అప్పటికే ఎప్పుడో మనుషుల్తోనే సర్కస్ కట్టేశారు. 1995లో ఆ ఏడాది చదువు పూర్తయిన పిల్లలు జోసెఫ్ నాజ్ అనే నృత్య దర్శకుడితో కలిసి చేసిన ప్రదర్శన దగ్గర్నుంచే కొత్త సర్కస్‌కి ఊపొచ్చిందని చెప్తారు.

మేం వెళ్ళినప్పుడు ఊళ్ళో వీధి నాటకాలు, సర్కస్ పండగ జరుగుతోంది, ఫ్యూరీస్ అంటారు. చైనా స్తంభం అని ఒక ఆట చూశాను. రబ్బరు తొడిగిన ఇనప రాట, నాలుగు వైపులా లాగి కట్టిన తీగలు. ఒకమ్మాయి దాని మీదకి పాక్కుంటూ పోయింది. మోకు లేదు, కాళ్ళకి బంధం లేదు. మా వైపు దింపు తీసేవాళ్ళని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను, కొబ్బరిచెట్టు ఎక్కి ఎక్కి ఛాతీ మీద, పాదాల మీద కాయలు కాసి ఉంటాయి. ఈ అమ్మాయికి చొక్కా భుజం దగ్గర అరిగి దారాలు లేచాయి. ఆ అరుగుదల చూశాకే నాకు నమ్మకం కుదిరింది. పైనుంచి తల్లకిందులుగా జారింది. జర్రున. నేల ఇంకా జానెడుందనగా మోకాళ్ళతో బిగించి ఆగింది. మా ఆవిడ నా చెయ్యి గిల్లేసింది, ఆ మచ్చ రెండ్రోజులుంది.

అందరూ అమ్మాయికి చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తర్వాత ట్రపీజ్ ఆటలో, అంటే గాల్లో వేలాడే కర్ర పట్టుకుని ఊగే ఆటలో, కింద తాడు పట్టుకున్నాయనకి కొట్టాను. అమ్మాయి నడుం బెల్టుకి కట్టిన తాడు కప్పీ మీంచి వచ్చి ఆయన చేతుల్లో ఉంది. ఆమె ఊగినప్పుడు వదులుతాడు, తిరిగొచ్చినప్పుడు లాగుతాడు, ఒక్కసారి కూడా తాడు వేలాడలేదు, ఒక్కసారి కూడా ఆమెని గుంజలేదు. కళ్ళార్పలేదండీ మహానుభావుడు. అలాంటోడు ఒక్కడు నా దగ్గరుంటే గాలివానలో పందిరి కట్టొచ్చు.

బయట ఒక బృందం టెంటు వేసింది. మేకులు చూశాను. ఆ ప్రాంతమంతా సుద్దనేల, మేకు దిగిందంటే కరిచి పట్టుకుంటుందనిపించింది. మన ఒండ్రుమట్టిలో శ్రావణమాసం పెళ్ళికి కొట్టిన మేకు ముహూర్తం వేళకి వెన్నముద్దలోంచి లేచినట్టు లేచొస్తుంది. ఆ టెంటులో ఆట మాత్రం నాకు ఎక్కలేదు. ఒకాయన గంటసేపు కుర్చీ జరుపుతూ ఉన్నాడు. అది ఒంటరితనం అంట. వీపు ఆనించడానికి చోటులేని చెక్క బెంచీ మీద నాకూ అదే కలిగింది.

సాయంత్రం ఒక పెరట్లో మూకాభినయం. ఈ కళకి ఫ్రెంచివాళ్ళలో పెద్ద పేరు మార్సెల్ మార్సో, 2007లో పోయారు. 1947లో బిప్ అనే పాత్ర కట్టి, నలిగిన టోపీలో ఎర్రపువ్వు పెట్టుకుని లోకమంతా తిరిగారు. గాలికి ఎదురు నడిచే అభినయానికి ఆయనదే పేరు. పారిస్‌లో 1978 నుంచి 2005 దాకా బడి కూడా నడిపారు. మేం చూసినాయన కుర్రాడు. ముఖానికి తెల్లరంగు కూడా లేదు. ఉత్త చేతుల్తో గోడ కట్టాడు, దాన్ని తడిమాడు, తలుపు వెతికాడు, తలుపు తీస్తే లోపల విందు. బల్ల ఉంది, గ్లాసులున్నాయి, ఎవరో వడ్డిస్తున్నారు. గ్లాసు పట్టుకున్న వేళ్ళ మధ్య ఖాళీ ఎంత ఉందో, దాన్ని బల్ల మీద పెట్టి మళ్ళీ తీసినా అంతే ఉంది. నేను కుర్చీకింత, గ్లాసుకింత అని అద్దె వసూలు చేసేవాణ్ణి. ఒక్క సామాను లేకుండా పెళ్ళి విందు చేసేశాడు. ఇలాంటోళ్ళు ఓ పదిమంది కోనసీమలో దిగితే నా షాపుకి తాళమే.

ఒక మాట విని మాత్రం రాత్రి నిద్రపట్టలేదు. అక్కడ ఆటగాళ్ళకీ, తాడు పట్టేవాళ్ళకీ, లైట్లు కట్టేవాళ్ళకీ ఒక పద్ధతి ఉందంట. పన్నెండు నెలల్లో 507 గంటల పని చూపిస్తే పని లేని రోజులకి నిరుద్యోగ భృతి వస్తుంది. మా కుర్రాళ్ళకి ఆషాఢం వస్తే పని లేదు, మూఢం వస్తే లేదు. ఆ నెలల్లో అడ్వాన్సు అడుగుతారు, ఇస్తాను, పెళ్ళిళ్ళ సీజన్లో కోసుకుంటాను. మా పద్ధతి అదీ. 507 గంటలంటే రోజుకి పది గంటల లెక్కన యాభై ఒక్క రోజులు. మాఘం, ఫాల్గుణంలోనే అయిపోతాయి మావాళ్ళకి.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. మాటలతో పని లేని ఆటలే ఎక్కువ, ఫ్రెంచి రాకపోయినా పర్వాలేదు. తిండి మాత్రం వేళకి తినేయండి. మధ్యాహ్నం రెండు దాటాక మేం వెళ్ళిన హోటల్లో పొయ్యి ఆర్పేశామన్నారు. మా ఆవిడ సంచిలో మినపరొట్టె ముక్కలు, మాగాయ ఉండబట్టి కాలవ గట్టున కూర్చుని గడిపాం. అన్నట్టు, తిండి సీసాలో మూతేసి, వేడి చేసి నిలవ ఉంచడం కనిపెట్టిన నికొలా అప్పేర్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1749లో. మా ఆవిడకి చెప్తే "నూనె ఎంత పోశాడంట?" అంది.

తిరిగొచ్చాక మొన్న కాట్రేనికోన వైపు ఒక పెళ్ళికి పందిరేస్తూ టీ వేళకి మా కుర్రాళ్ళ ముందు ఆ మూకాభినయం చేసి చూపించాను, గోడా అదీ తడుముతూ. అందరూ నోరు తెరుచుకుని చూశారు. మేకులు కొట్టే కుర్రాడు మాత్రం సమ్మెట పక్కన పెట్టి అడిగాడు.

"ఆ గోడకి రోజుకి ఎంత తీసుకుంటాడండి?"